సెగవ్యాధికి టీకా ఏది?

సుఖవ్యాధుల్లో మన దగ్గర మంచి టీకాలున్నవి ముఖ్యంగా రెండే: హెపటైటిస్-బి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ హెచ్‌పీవీ. సిఫిలిస్, క్లమీడియా, హెర్పిస్, సెగవ్యాధిగా మనం చెప్పుకునే గనేరియా.. వీటి కోసమే తయారైన టీకా ఇంతవరకు ఒక్కటీ రాలేదు. పరిశోధన డబ్బు ముందు దేనికి పెట్టాలంటే గనేరియాకే పెట్టాలంటాం.

పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్.. ఒక్కో మందూ ఈ రోగం మీద పనిచేయడం మానేసింది. ఆడవాళ్లలో చాలామందికి లక్షణాలే కనిపించవు. వైద్యం అందకపోతే గర్భసంచి నాళాలు లోలోపల దెబ్బతినొచ్చు. ఏళ్ల తర్వాత పిల్లలు కావడం లేదని హన్మకొండ దవాఖానల చుట్టూ తిరుగుతున్నప్పుడు నింద పడేది ఆమె మీదే. సర్కారు దవాఖానల్లో సుఖవ్యాధులకు వైద్యం చేసే సురక్ష క్లినిక్‌లలో చాలావరకు లక్షణాలను బట్టే మందుల కిట్ ఇస్తారు. లక్షణాలే లేని ఆమె అక్కడిదాకా ఎందుకు వస్తుంది?

న్యూజిలాండ్‌లో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కోసం వేసిన టీకా గనేరియాను 31 శాతం తగ్గించినట్టు 2017లో వెల్లడైంది. అలాంటి టీకానే బ్రిటన్ 2025 నుంచి రిస్క్ ఎక్కువున్నవాళ్లకు వేస్తోంది. ఫ్రాన్స్‌లో మనుషుల మీద చేసిన ట్రయల్‌లో (టీకా పరీక్షలో) మాత్రం గట్టి లాభం తేలలేదు. ఆ ట్రయల్ జరిగింది మగవాళ్ల మీద. ఆడవాళ్ల గర్భనాళాలను టీకా కాపాడుతుందా అన్నదే మాకు అసలు ప్రశ్న. దానికి జవాబు మన జిల్లాల్లోనూ వెతకాలి.

ఇక్కడ ట్రయల్ అనగానే ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో అక్కడ హాస్టళ్లలోని గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామందికి తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా మంచిదే, ఆడపిల్లలకు వేయించాలనే మేమూ చెబుతాం. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుబట్టింది. ఆ భయం ఊళ్లలో ఇంకా పోలేదు.

టీకా చేయడం మనకు చేతకాని పనేం కాదు. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాద్ నుంచే వచ్చింది. ప్రభుత్వం ముందుగా వరంగల్ ఎంజీఎం దవాఖానలో గర్భిణులకు, సంతానం కోసం వచ్చే దంపతులకు గనేరియా, క్లమీడియా టెస్టులు ఉచితంగా చేయించాలి. ఏ మందు పనిచేస్తోందో, ఏది పనిచేయడం లేదో లెక్క రాయాలి. రేపు ట్రయల్ వస్తే, ములుగులోని కోయ తల్లికి, మహబూబాబాద్‌లోని లంబాడా తల్లికి వాళ్ల భాషలోనే అన్నీ వివరించి, కాదనే హక్కు ఉందని చెప్పాకే సంతకం అడగాలి. వార్డెన్ సంతకం చెల్లదని ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వాలి.