సవరణ: తుప్పలకు నిప్పు పెట్టడం గురించి

లావోస్‌లో పేలని బాంబులున్న నేలల్లో తుప్పలు ఎలా కొడతారో రాసిన పోస్టులో "ముందు తగలబెడితే నేల కనిపిస్తుంది" అనే వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. అక్కడ సాగు కోసం అడవిని కాల్చే రైతులున్నారు. అంతమాత్రాన అది సురక్షిత పద్ధతి కాదు.

మన కోనసీమలో కోతలయ్యాక చేలో గడ్డికి నిప్పు పెట్టడం చూసినవాళ్లకు ఆ మాట సబబుగానే తోచి ఉంటుంది. కానీ వేడికి బాంబు పేలవచ్చు, పేలకపోనూ వచ్చు. పేలనిదే ఎక్కువ టెన్షన్: మంటకు దెబ్బతిన్న బాంబును కదిపితే ఏమవుతుందో నిపుణులు కూడా చెప్పలేరు. 1964-73 మధ్య అక్కడ పడిన క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న బాంబులు సుమారు 27 కోట్లు, పేలకుండా మిగిలినవి దాదాపు 8 కోట్లని అంచనా. చాలావరకు టెన్నిస్ బంతి సైజువే. గడ్డిలో ఏం కనిపిస్తాయి!

శిక్షణ పొందినవాళ్లు బాంబులు లేవని చూసి నిర్ధారించుకున్న చోటు నుంచే మొదలుపెట్టి, పైనుంచి కిందికి కొద్దికొద్దిగా కోస్తారు. నేలకు తగలనివ్వరు, వేళ్లు పీకరు. కోసింది పక్కకు తీశాకే, నేలలోని లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ పెడతారు. దూరం నుంచి నడిపే కవచం ఉన్న యంత్రాలూ ఉన్నాయి, వాటి వెనక మళ్లీ మనుషులు వెతకాల్సిందే.

మన దగ్గర గట్ల మీద వాడే గడ్డి కోసే మెషిన్ సరిపోతుందా అని అమలాపురం నుంచి ఒకాయన అడిగారు. మామూలు మనిషి చేతిలో ఏ పనిముట్టూ సరిపోదండీ. ఇసుకలోనో చెరువు తవ్వకంలోనో అనుమానంగా ఇనుప వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి 112కి ఫోన్ చేయండి.