ఒక్కో క్లిక్కుకు ఒక్కో కుట్టు

వ్యక్తిగత డేటాను కాపాడుకోవడానికి పాస్‌వర్డ్‌లనీ చట్టాలనీ ఎవరేం చెప్పినా, అసలు మందు సూదీ దారమే అని నేను తేల్చేశాను. నవ్వకండి, ఆధారాలున్నాయి.

బ్రిటిష్ కళాకారిణి కార్నీలియా పార్కర్ 2015లో మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాతకాలపు ఇంగ్లండ్ ఒప్పందం) గురించిన వికీపీడియా పేజీని తెర మీద ఎలా ఉందో అలాగే బట్ట మీద కుట్టించింది. పొడవు దాదాపు 13 మీటర్లు. 200 మందికి పైగా కుట్టారు, వాళ్లలో ఖైదీలున్నారు, అమెరికా నిఘా గుట్టు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ కూడా ఉన్నాడు, ఆయన వంతుకు 'లిబర్టీ' అనే మాట వచ్చింది. వేలితో తాకితే క్షణంలో తెరుచుకునే ఒక్క పేజీకి ఇంత చాకిరీ!

నా వాదనంతా ఇక్కడే ఉంది. కంపెనీలు మన గురించి అన్నీ పోగేస్తున్నాయంటే వాళ్లకి మన మీద ప్రేమ కాదు, ఊరికే వస్తోంది కాబట్టి. అందుకని ఇకమీదట ఎవరి డేటా కావాలన్నా చేత్తో కుట్టుకుని దాచుకోవాలి, మెషిన్ ఎంబ్రాయిడరీ చెల్లదు. రాత్రి రెండింటికి మనం బట్టతలకి మందు వెతికామనుకోండి, ఆ కంపెనీ సీఈఓ కళ్లజోడు సవరించుకుని, దారం కొస తడి చేసి, మూడో ప్రయత్నంలో సూదిలోకి ఎక్కించి, 'బట్టతల' అని గొలుసు కుట్టుతో కుట్టాలి. ట వత్తు దగ్గరికి వచ్చేసరికి మన జుట్టు మీద ఆయనకున్న ఆసక్తి సగం చచ్చిపోతుంది.

బట్టకీ డేటాకీ ఏం సంబంధం అంటారా? 1804 నాటి జాకార్డ్ మగ్గం చిల్లులు పెట్టిన అట్టల్ని చదివి డిజైన్లు నేసింది. 1890లో అమెరికా జనాభా లెక్కల్లో అలాంటి అట్టల మీదే మనుషుల వివరాలను చిల్లులుగా మార్చేశారు. అంటే పువ్వుల తర్వాత వంతు మనదే అయింది.

ఇంకో దారి కూడా ఉందంటున్నారు. క్యాప్‌ఏబుల్ అనే ఇటలీ సంస్థ అల్లే స్వెట్టర్లు వేసుకుంటే, కెమెరా వెనకున్న సాఫ్ట్‌వేర్ మనిషిని జిరాఫీ అనో జీబ్రా అనో పొరబడేలా డిజైన్ చేశారు. గొప్ప ఆలోచనే, కాదనను. కాకపోతే జేబులో ఫోన్ ఉంటుంది కదా, అది ఆ జిరాఫీ పేరు, పుట్టినరోజు, ఎక్కడెక్కడ ఎంతసేపు మేసిందీ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది. మర్నాటి నుంచి జిరాఫీకి మెడనొప్పి బెల్టుల ప్రకటనలు.

ఇక ఈ కళను చూడటానికి వచ్చే మనం! టికెట్ కోసం ఈమెయిల్, ఫోన్ నంబర్ ఇచ్చేస్తాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం, 'నా డేటా నాది' అని కుట్టిన బట్ట ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని లొకేషన్‌తో సహా పోస్ట్ చేస్తాం. అందుకే రూల్ మనకీ వర్తించాలి: 'అంగీకరిస్తున్నాను' అన్న బటన్ ఉండదు, జేబురుమాలు మీద ఆ మాట కుట్టి పంపాలి. నిబంధనలు చదవకుండానే ఒప్పేసుకునే అలవాటు ఎన్ని రుమాళ్ల దాకా నిలుస్తుందో చూద్దాం.

ఇంత కుట్టాలంటే మావల్ల కాదని కంపెనీలు మొత్తుకోవచ్చు. వాళ్ల కష్టం నేను అర్థం చేసుకోగలను. ఎంత కుట్టగలిగితే అంతే సేకరించుకోమనండి, అభ్యంతరం లేదు, దారం ఖర్చు మాత్రం వాళ్లదే.