పెసరట్టు ఒకటి, మీడియం

పొద్దున్నే కృష్ణ ఒడ్డున నడక ముగించి టిఫిన్ బండి దగ్గర ఆగేవాళ్లను చూడండి. బండాయన పెసరట్టు చుట్టూ నూనె పోసి, చాలదన్నట్టు నడిమధ్య ఇంకో చెంచాడు వేసి, ఉప్మా పెట్టి మడిచి ఇస్తాడు. తినేవాడు ఫోన్ తీసి డైట్ యాప్‌లో కొడతాడు: పెసరట్టు ఒకటి, మీడియం. ఆ రెండో చెంచా సంగతి యాప్‌కు తెలియదు. అయినా కేలరీలు మాత్రం ఒకట్ల స్థానం దాకా తేల్చి చెబుతుంది!

ఇతరుల కేలరీలు లెక్కగట్టే ఈ కంపెనీల సొంత లెక్కే కుదరట్లేదు. మైఫిట్‌నెస్‌పాల్ అనే డైట్ యాప్‌ను క్రీడా దుస్తుల కంపెనీ అండర్ ఆర్మర్ 2015లో 47.5 కోట్ల డాలర్లకు కొని, 2020లో 34.5 కోట్లకు వదిలించుకుంది. మధ్యలో 2018లో 15 కోట్ల ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి. కొత్త యజమానుల చేతిలో 2022లో, అప్పటిదాకా ఉచితంగా ఉన్న బార్‌కోడ్ స్కానర్‌కు డబ్బు కట్టమన్నారు. నూమ్ అనే మరో యాప్ 2021లో 54 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది, మరుసటి ఏడాదే ఉద్యోగులను తీసేసింది. ట్రయల్ అని చేర్చుకుని చెప్పకుండా డబ్బు కోసేశారన్న దావాను అదే ఏడాది 6.2 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. మన బెంగళూరు యాప్ హెల్తీఫైమీదీ ఇంచుమించు అదే కథ: 2021లో 7.5 కోట్ల డాలర్ల పెట్టుబడి, 2022 డిసెంబరులో 150 మంది దాకా ఇంటికి. ఇక బరువు తగ్గించడమే వ్యాపారంగా 1963లో పుట్టిన వెయిట్ వాచర్స్ 2025 మేలో దివాలా పిటిషనే వేసింది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఎవరు లెక్కలు రాస్తూ కూర్చుంటారు?

ఇంజెక్షన్ల మీద నెపం వేసి ఊరుకోలేం. మూడు పూటలా తిన్నది రాసుకోవడం అంటేనే విసుగు, పెళ్లి భోజనంలో మూడోసారి వడ్డించిన పులిహోర ఎవడు తూకం వేస్తాడు? జనం నెలకో రెండు నెలలకో మానేస్తారు. మానేశాక కూడా డబ్బు రావాలంటే ఏడాది ప్లాన్, ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే ఆటోపే కావాలి. సగం బేరం మన మతిమరుపు మీదే నడుస్తోందని మా అనుమానం.

మన తిండికి లెక్క లేక కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లోనే 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక తెచ్చింది. పెసలు, కందిపప్పు సరే, వండిన పెసరట్టుకూ గోంగూర పచ్చడికీ మన ఇళ్ల కొలతల్లో లెక్క కట్టి, తెలుగులో, ఉచితంగా ఫోన్‌లోకి తెచ్చే పని ప్రభుత్వం ఎందుకు పెట్టుకోకూడదు?

చేరడం తేలిక, మానడం కష్టం అన్నట్టుండే చందా ఉచ్చులను అనుచిత పద్ధతుల జాబితాలో చేర్చి 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆటోపేలో డబ్బు కోసే 24 గంటల ముందు కబురు చేయాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన అంతకు ముందు నుంచే ఉంది. వస్తుంది ఆ మెసేజ్, లోన్ ఆఫర్లకీ ఓటీపీలకీ మధ్యన. మా డెస్క్‌లో ఒకాయన ఇది రాస్తుండగా అనుమానం వచ్చి ఫోన్‌లో ఆటోపే జాబితా తెరిచారు. జనవరిలో తీసుకుని ఉగాది కూడా రాకుండానే తీసి పారేసిన డైట్ యాప్‌కు పోయిన నెల కూడా డబ్బు వెళ్లింది. ఫోన్‌లోంచి యాప్‌ను తీసేస్తే చందా ఆగిపోదని ఆయనకు అప్పుడే తెలిసింది.