పొడి సున్నం, తడి సున్నం ఒకటే అంటున్న సందేశానికి జవాబు

“సున్నపురాయి, పొడి సున్నం, తడి సున్నం మూడూ ఒకటే పదార్థం. కాలిస్తే పొడి, నీళ్లు పోస్తే తడి, ఆరితే మళ్లీ రాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా ఇంతే. కాల్చినప్పుడు దాక్కున్న వేడే నీళ్లు పోయగానే బయటికొస్తుంది. బట్టీలో పోయిన కార్బన్ డయాక్సైడ్‌ను గోడ తిరిగి పీల్చుకుంటుంది కాబట్టి సున్నం వల్ల గాలికి నష్టమే లేదు.”

ఈ సందేశం చాలామంది చేతులు మారుతోంది. పరీక్షకు చదువుకునే పిల్లలు దీన్ని నమ్మి రాసుకుంటున్నారన్నదే నా బాధ. ఇందులో నిజాలు లేకపోలేదు. కానీ తప్పులు వాటితో కలగలిసిపోయాయి. అందుకే మాట మాటకూ జవాబు చెబుతున్నాను.

“మూడూ ఒకటే” అన్నదాన్ని తక్కెడే కొట్టిపారేస్తుంది. సున్నపురాయిలోని అసలు పదార్థమైన కాల్షియం కార్బొనేట్‌ను స్వచ్ఛంగా 100 గ్రాములు తీసుకుని, సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాటించి పూర్తిగా కాల్చండి. మిగిలేది 56 గ్రాముల కాల్షియం ఆక్సైడ్, అంటే పొడి సున్నం. తగ్గిన 44 గ్రాములు తేమ కాదు, కార్బన్ డయాక్సైడ్. సున్నంలోని ఘాటు నిప్పులోంచి వచ్చి చేరిందని ఒకప్పుడు నమ్మేవారు. స్కాట్లండ్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1750లలో తూకాలు వేసి దానికి తిరుగులేని జవాబు చెప్పాడు: రాయిలోకి ఏదీ చేరడం లేదు, రాయిలోంచే ఒక వాయువు పోతోంది. అందుకే బట్టీలో గాలి ఆడాలి. గట్టిగా మూసిన పాత్రలో కాలిస్తే వెలువడిన వాయువు అక్కడే పోగవుతుంది, పొడి సున్నం దాన్ని మళ్లీ పట్టుకుంటుంది, మార్పు సగంలో నిలిచిపోతుంది.

“నీళ్లు పోస్తే తడి” అన్న అపోహకు సగం కారణం మన పేర్లేనని నా అభిప్రాయం. తడి సున్నం అనగానే తడిసిన సున్నం అనుకుంటాం. 56 గ్రాముల పొడి సున్నానికి సరిగ్గా 18 గ్రాముల నీరు అందితే వచ్చేది 74 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం. అది ముట్టుకుంటే చెమ్మ కూడా తగలని తెల్లని పొడి! నీరు అందులో నీరుగా లేదు, హైడ్రాక్సైడ్‌గా మారిపోయింది. నిజంగా తడిసిందే అయితే ఎండలో పెడితే ఆరి పొడి సున్నం తిరిగి రావాలి. రాదు. ఆ నీటిని విడగొట్టాలంటే 500 డిగ్రీలు దాటిన వేడి కావాలి.

పేరు చూసి మోసపోతే ఒళ్లు కాలుతుంది కూడా. పొడి సున్నం మీద నీళ్లు కుమ్మరిస్తే అవి మరిగి, సున్నంతో సహా కళ్లలోకి చిందే ప్రమాదం ఉంది. ఎక్కువ నీటిలో సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి, అదీ కళ్లకు రక్షణ పెట్టుకుని.

ఇక “ఆరితే మళ్లీ రాయి”. నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం ఉన్నది ఇక్కడే. సున్నపు ముద్దను నీటి అడుగున ఉంచి గాలి తగలకుండా చూస్తే ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది. అయితే ఆరకపోవడం వల్లే కదా అనవచ్చు. అలాంటప్పుడు కార్బన్ డయాక్సైడ్ లేని గాలిలో ఆరబెట్టి చూడాలి. నీరు పోయి బిగుసుకుంటుందే తప్ప అది రాయి కాదు, ఇంకా హైడ్రాక్సైడే. గోడ మీద జరిగేది వేరు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొద్దిపాటి తేమలో కరిగి, హైడ్రాక్సైడ్‌తో చర్య జరిపి కార్బొనేట్ అవుతుంది. 74 గ్రాములు మళ్లీ 100 అవుతాయి. ఆరడమే కారణమైతే బరువు తగ్గాలి, పెరగకూడదు కదా! పైగా ఈ చర్యకు చెమ్మ కావాలి, ఎముకలా ఎండిపోయిన చోట దాదాపు ఆగిపోతుంది. కళ్లతో చూడాలంటే సున్నపు గారను విరిచి, విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. కార్బొనేట్‌గా మారిన పైపొరకు రంగు రాదు, హైడ్రాక్సైడ్ మిగిలిన లోపలి భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది.

ఒక చిన్న పక్కదారి. గుహల్లో వేలాడే సున్నపురాతి స్తంభాలు దీనికి తలకిందులుగా పుడతాయి. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు సున్నపురాయిని బైకార్బొనేట్‌గా కరిగించి తీసుకొస్తుంది. గుహ గాలిలోకి ఆ వాయువు వెళ్లిపోగానే కార్బొనేట్ పేరుకుంటుంది. గోడలో వాయువును తీసుకుని, గుహలో వాయువును వదిలి ఏర్పడేది ఒకే పదార్థం.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కథలో కార్బన్ డయాక్సైడ్‌కు చోటే లేదు. అది కార్బొనేట్ కాదు, కాల్షియం సల్ఫేట్. నీటిని స్ఫటికంలో పట్టుకున్న కాల్షియం సల్ఫేట్ ఖనిజమైన జిప్సంను దాదాపు 150 డిగ్రీల దగ్గర వేడిచేస్తే స్ఫటికంలోని నీటిలో నాలుగింట మూడు వంతులు పోయి ప్లాస్టర్ వస్తుంది. నీళ్లు కలిపితే వాటిని తిరిగి తీసుకుని నిమిషాల్లో జిప్సంగా గడ్డకడుతుంది. అంటే నీరు పోయి కాదు, నీరు చేరి గట్టిపడుతుంది.

వేడి సంగతిలో సందేశం సగం దూరం సరిగ్గానే నడిచింది. 100 గ్రాముల కార్బొనేట్‌ను విడగొట్టడానికి సుమారు 178 కిలోజౌళ్లు కావాలి. నీళ్లు పోసినప్పుడు బయటికొచ్చేది అందులో 65 మాత్రమే. మిగిలిన 113 హైడ్రాక్సైడ్ కార్బొనేట్‌గా మారేటప్పుడు వస్తాయి. గోడలో అది చాలా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి చేతికి తెలియదు. రెండూ కూడితే లెక్క సరిపోతుంది. ఈ అందమైన లెక్కను చెప్పకుండా అంతా నీళ్ల మీదకే నెట్టేశారు.

గాలికి నష్టం లేదన్న మాట మాత్రం లెక్క తప్పు. గోడ తిరిగి తీసుకోగలిగేది రాయి వదిలిన 44 గ్రాములనే. బట్టీని వేడెక్కించడానికి బొగ్గో గ్యాసో మండిస్తే వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఆ చక్రంలో లేనేలేదు. ఆ 44 గ్రాములైనా బట్టీలోంచి గంటల్లో పోతాయి, మందపాటి గారలోకి తిరిగి చేరడానికి ఏళ్లు పడుతుంది. అదీ సున్నం గోడకు చేరితేనే. ఉక్కు కొలిమిలో వేసిన సున్నం సిలికాతో కలిసి కాల్షియం సిలికేట్‌గా మారి చిట్టెంలో, అంటే లోహం నుంచి వేరుపడే మలినాల ముద్దలో, కలుస్తుంది. దానికి గోడ లెక్క వర్తించదు.