కమిషన్ సున్నా సరే, మిగతా ఖర్చుల మాటేమిటి?

అమెరికాలో కంపెనీ జీతం మీద ఉన్నవారికి రిటైర్‌మెంట్ ఖాతా ఎక్కడుండాలో కంపెనీయే తేల్చేస్తుంది. గ్రీన్ కార్డుతోనో హెచ్-4 ఈఏడీతోనో 1099 కాంట్రాక్టు పనులు (ఉద్యోగిగా కాకుండా సొంతంగా చేసే పనులు) చేసే మనవాళ్లు మాత్రం ఖాతానూ బ్రోకరేజీనీ (షేర్లు, ఫండ్లు కొనిపెట్టే సంస్థనూ) సొంతంగా ఎంచుకోవాలి. వాళ్లు ముందుగా అడిగేది "ఎవరు చవక?" అని. 2019 అక్టోబరులో చార్లెస్ ష్వాబ్ అనే బ్రోకరేజీ షేర్లు, ఈటీఎఫ్‌ల (షేర్లలా కొని అమ్మే ఫండ్ల) లావాదేవీలపై కమిషన్ ఎత్తేసింది, కొద్ది రోజుల్లోనే పోటీ సంస్థలూ అదే బాట పట్టాయి. ఇప్పుడు కమిషన్ చూసి బ్రోకరేజీని ఎంచుకోవడంలో అర్థం లేదు. ఖర్చు వేరే చోట్ల ఉంది.

అన్నిటికంటే పెద్ద తేడా ఖాతా రకంలోనే వస్తుంది. సెప్ ఐఆర్ఏ (యజమాని వాటా మాత్రమే వేసే రిటైర్‌మెంట్ ఖాతా) తెరవడం తేలిక కాబట్టి చాలామంది అటే వెళతారు. 2025 పరిమితులతో లెక్క చూద్దాం. ఖర్చులు పోను 60 వేల డాలర్లు మిగిలిన వ్యక్తి సెప్‌లో వేయగలిగేది సుమారు 11,150 డాలర్లే. సోలో 401కె (ఒంటరిగా సొంతపని చేసేవారి రిటైర్‌మెంట్ ప్లాన్) అయితే యజమానీ ఉద్యోగీ తానే కాబట్టి ఉద్యోగి వాటాగా మరో 23,500 కలుపుకోవచ్చు, అంటే మొత్తం దాదాపు 34,650. పైగా సెప్‌లో డబ్బు ఉంటే బ్యాక్‌డోర్ రాత్ చేసేటప్పుడు, అంటే మామూలు ఐఆర్ఏలో వేసిన డబ్బును రాత్‌లోకి (ముందే పన్ను కట్టి, తర్వాత పన్ను లేకుండా తీసుకునే ఖాతాలోకి) మార్చేటప్పుడు, సెప్ డబ్బునూ లెక్కలో కలిపే ప్రో-రేటా నిబంధన అడ్డొచ్చి పన్ను పడుతుంది. సొంతపని ఆదాయం ఓ మోస్తరుగా ఉండి, జీవిత భాగస్వామి తప్ప వేరే ఉద్యోగులు లేనివారికి సోలో 401కెనే సరైనదని నా అభిప్రాయం.

ఇక ఫండ్ల సంగతి. మొత్తం అమెరికా మార్కెట్‌ను కొనే ఇండెక్స్ ఈటీఎఫ్ ఏటా 0.03 శాతం ఖర్చుకే దొరుకుతోంది. సలహాదారు ఏటా ఒక శాతం తీసుకుంటే ఏమవుతుంది? ఏడాదికి 20 వేల డాలర్ల చొప్పున 30 ఏళ్లు వేస్తే 7 శాతం రాబడితో దాదాపు 18.9 లక్షల డాలర్లు అవుతాయి. 6 శాతంతో 15.8 లక్షలే. ఆ ఒక్క శాతం మూడు లక్షల డాలర్లు మింగేస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఖాతాలో ఊరికే పడి ఉండే నగదు. సొంతపని చేసేవారికి డబ్బు నెలనెలా రాదు. పన్ను గడువు దగ్గరపడ్డాక ఒకేసారి పెద్ద మొత్తం వేసి, ఫండ్ కొనడం మరచిపోతారు. కొన్ని బ్రోకరేజీలు ఆ నగదును తమ అనుబంధ బ్యాంకుకు మళ్లించి, మనకు నామమాత్రపు వడ్డీ ఇచ్చి, తేడా తాము ఉంచుకుంటాయి. కొన్నిచోట్ల అదే డబ్బు దానంతటదే మనీ మార్కెట్ ఫండ్‌లోకి (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టి వడ్డీ తెచ్చే ఫండ్‌లోకి) వెళుతుంది. 2022 జూన్‌లో ష్వాబ్ తన రోబో సలహా ఖాతాల్లోని (సాఫ్ట్‌వేరే పెట్టుబడులు నడిపే ఖాతాల్లోని) నగదు వాటా గురించి ఖాతాదారులకు సరిగా చెప్పలేదన్న ఆరోపణపై, తప్పు ఒప్పుకోకుండానే 18.7 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. కమిషన్ పట్టికలో కనిపించని ఖర్చు ఇది.

ఉచిత సోలో 401కె ప్లాన్లన్నీ ఒకేలా ఉండవు. కొన్నిటిలో రాత్ ఉండదు, కొన్నిటిలో అప్పు తీసుకునే వీలుండదు. ఆస్తి 2.5 లక్షల డాలర్లు దాటితే ఏటా పన్ను శాఖకు 5500-ఈజెడ్ అనే ప్లాన్ వివరాల ఫారం దాఖలు చేసే బాధ్యత సాధారణంగా మనదే. ఆలస్యమైతే జరిమానా రోజుకు 250 డాలర్ల దాకా ఉంటుంది. పేరు చూసి నిశ్చింతగా ఉండటానికీ లేదు. చవకకు మారుపేరైన వాన్‌గార్డ్ 2024లో తన సోలో 401కె ఖాతాలను అసెన్సస్ అనే మరో సంస్థకు అప్పగించింది.

హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవారు మరో సంగతి చూసుకోవాలి. చిరునామా భారత్‌కు మారితే కొన్ని బ్రోకరేజీలు కొత్త కొనుగోళ్లను ఆపేస్తాయి, కొన్ని ఖాతానే మూసుకోమంటాయి. అమెరికా రిటైర్‌మెంట్ ఖాతాల్లో పెరిగిన మొత్తంపై డబ్బు తీసుకున్నప్పుడే పన్ను కట్టే వెసులుబాటును భారత్ 2021లో 89ఎ సెక్షన్‌తో కల్పించింది. కానీ నిర్ణీత వయసు రాకముందే ఖాతా ఖాళీ చేయాల్సి వస్తే అమెరికాలో పన్నుతో పాటు పది శాతం అపరాధ పన్ను కూడా పడవచ్చు. అందుకే ఖాతా తెరవకముందే భారత చిరునామాతో దాన్ని కొనసాగించనిస్తారో లేదో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.