ఆరో అంశమూ, బావమరిదీ, గాజు తలుపూ

నిర్ణయం తీసుకునేవాడికే అందులో తన లాభమో, తనవాళ్ల లాభమో ఉండటం. పత్రికల్లో దీన్ని ‘పరస్పర విరుద్ధ ప్రయోజనాలు’ అని రాస్తారు. ఆ మాట పూర్తిగా పలికేలోపు తీర్మానం పాసైపోతుంది. బోర్డు గదుల్లో మాత్రం ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్’ అనే అంటారు. అదీ నోరు తిరగనప్పుడు ‘ఇంట్రెస్ట్’ దగ్గరే ఆపేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒక సంఘం. బోర్డులో 9 మంది, కోరం 5, అంటే కనీసం అయిదుగురుంటేనే తీర్మానం చెల్లుతుంది. ఆ సాయంత్రం వచ్చింది ఆరుగురు. అజెండాలో ఆరో అంశం ఆఫీసు భవనానికి రంగులు. మూడు కొటేషన్లు వచ్చాయి. అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని, “ఈ అంశంలో ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అండీ?” అన్నాడు.

“ఎందుకుండదండీ, అందరికీ ఉంది. ఆ గోడలు చూశారా మీరసలు?” అంది సభ్యురాలొకావిడ. కోశాధికారి ఫిక్స్‌డ్ డిపాజిట్ల ఫైలు తెరిచి, ఈ ఏడు ఇంట్రెస్ట్ ఎంతొచ్చిందో చదవడం మొదలుపెట్టాడు.

అలా అడిగితే అలాంటి జవాబులే వస్తాయి. కొటేషన్ ఇచ్చిన సంస్థల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివి, “ఇందులో మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ, దగ్గరి బంధువులకు గానీ వాటా, ఉద్యోగం, అప్పు, కమీషన్ ఏదైనా ఉందా?” అని అడగాలి. పేరు చెవిన పడితే తప్ప చుట్టరికం గుర్తుకు రాదు. మీటింగు మొదట్లోనే అడగాలి. అజెండా పంపేముందే ఫోన్ చేసి కనుక్కుంటే ఇంకా మంచిది, నలుగురిలో నీళ్లు నమిలే పని తప్పుతుంది.

మూడోసారి అడిగాక ఉపాధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. “రెండో కొటేషన్ వాళ్లు మనవాళ్లేనండీ.”

కార్యదర్శి పెన్ను ఆగిపోయింది. మీటింగులో జరిగింది రాసుకునే మినిట్స్‌లో ‘మనవాళ్లే’ అని రాయడం ఎలా? ఎవరివాళ్లు, ఏ వరస, ఎంత వాటా? ఒక్కో ముక్కా లాగితే తేలిందేమిటంటే, బావమరిది. వ్యాపారంలో సగం వాటా అతనిది. మిగతా సగం అతని అక్కగారిది. అక్కగారంటే ఎవరో కార్యదర్శి లెక్క వేసుకునేలోపు ఉపాధ్యక్షుడు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

“మన మధ్య ఇవన్నీ ఎందుకండీ” అన్నాడు కోశాధికారి. ఈ ఒక్క మాట మీద ఎన్ని సంఘాలు మునిగాయో! బావమరిది ఉండటం నేరమేమీ కాదు. వరసా వాటా రెండూ రాసుకుని, మనిషి లేచి బయటికి వెళ్తే సగం పని అయిపోయినట్టే. కానీ లేవడమే కష్టం. కుర్చీ నుంచి తలుపుకి పట్టుమని పది అడుగులుండవు, మనిషి జన్మలో అంత దూరం నడవలేడు.

ఉపాధ్యక్షుడు లేచాడు. కుర్చీని రెండడుగులు వెనక్కి లాక్కుని మళ్లీ కూర్చున్నాడు. “నేను ఓటెయ్యను, నోరు మెదపను. సరేనా?”

సరే కాదు. పక్కనే కూర్చున్నవాడి మొహం మీద “మీ బావమరిది రేటు ఎక్కువండీ” అని ఎవరంటారు? పైగా నోరు మెదపనని మాటిచ్చిన మనిషి మొదటి కొటేషన్ చదువుతుంటే “ఊఁ” అన్నాడు. మూడోది చదువుతుంటే “ప్చ్” అన్నాడు. మినిట్స్‌లో వీటికి చోటుండదు గానీ ఓట్లలో ఉంటుంది. ఆయన దగ్గర సమాచారమేదైనా కావాలంటే ముందే అడిగి, జవాబు రాసుకుని, ఆ తర్వాత పంపించాలి.

చివరికి 6.42కి బయటికి వెళ్లాడు. 6.43కి ఫోన్ మర్చిపోయానని వచ్చాడు. 6.45కి కళ్లజోడు కోసం. ఆ గది తలుపు గాజుది. తర్వాత పది నిమిషాలూ లోపలివాళ్లకి ఆయన కనిపిస్తూనే ఉన్నాడు, నుదురు అద్దానికి ఆనించి. బయటికి పంపడమంటే కంటికి కనపడని, మాట వినపడని చోటికి పంపడం.

ఇంతలో ఇంకో సభ్యుడికి మూడో సంస్థలో తన కొడుకు అకౌంటెంటని గుర్తొచ్చింది. ఆయనా లేచాడు. ఇదేదో బాగుందనుకున్న కోశాధికారి, “మొదటి కొటేషనాయన నన్నొకసారి కారులో దింపాడు, నేనూ వెళ్లనా?” అన్నాడు. అక్కర్లేదు. ముఖపరిచయానికి లేవక్కర్లేదు. సంగతి తెలిసిన బయటివాడు చూసి ‘ఇతను నిష్పక్షపాతంగా ఉండగలడా’ అని అనుమానించే సంబంధమైతేనే లేవాలి. కోశాధికారి నిరాశగా కూలబడ్డాడు.

మిగిలిన నలుగురూ ఇరవై నిమిషాలు చర్చించి, చేతులెత్తి, రెండో కొటేషన్‌ను ఆమోదించాక కార్యదర్శి తలలు లెక్కపెట్టాడు. నాలుగు. కోరం అయిదు. సంబంధమున్న సభ్యుణ్ని కోరంలో లెక్కించాలా వద్దా అన్నది ఆయా సంఘాల నియమావళిని బట్టి ఉంటుంది. వీళ్ల నియమావళి వద్దంటుంది. అది కార్యదర్శి బీరువాలోనే ఉంది, తీసినవాళ్లు లేరు. ఆరుగురొచ్చిన రోజున ఇద్దరికి సంబంధముందని ముందే తెలిసుంటే, రాని ముగ్గురిలో ఒకరిని ఎలాగోలా రప్పించేవారు. అందుకే ముందు ఫోన్ చెయ్యమనేది.

వీడియోలో హాజరైనా చెల్లుతుందని నియమావళిలో ఉంది. రానివాళ్లలో ఒకావిడకి ఫోన్ చేసి లింకు పంపారు. గోడ మీది తెరలో ఆవిడ ప్రత్యక్షమైంది. అయిదుగురు! మళ్లీ మొదటి నుంచీ చర్చ. కానీ అధ్యక్షుడు ఏమన్నా ఆ మాట రెండు క్షణాల తర్వాత వసారాలోంచి మళ్లీ వినిపిస్తోంది. తెర మీద ఆవిడ బొమ్మ కింద ఇంకో నల్లటి గడి. దాని మీద ఉపాధ్యక్షుడి పేరు.

“మ్యూట్‌లోనే ఉన్నానండీ!” అని వసారాలోంచి కేక.

మ్యూట్‌లో పెట్టుకోవడం, కెమెరా ఆపుకోవడం బయటికి వెళ్లినట్టు కాదు. హోస్ట్ ఆయన్ని వెయిటింగ్ రూములోకి నెట్టి, ఇంకెవరున్నారో జాబితా చూసి, అప్పుడు చర్చ మొదలుపెట్టాలి. అదే లింకు అందరికీ పోయి ఉంటుంది గనక అంశం అయ్యేదాకా ఒకరు ఆ జాబితా మీదే కన్నేసి ఉంచాలి.

తెర మీది ఆవిడ వచ్చీ రాగానే ఒక మెలిక తీసింది. నిన్న రాత్రి బావమరిది దగ్గర్నించి సవరించిన కొటేషన్ వచ్చింది. మిగతా ఇద్దరిలో తక్కువ రేటు కంటే సరిగ్గా ఒక్క శాతం తక్కువ. అతనికి ఆ రేట్లెలా తెలిశాయి? కార్యదర్శి తలొంచుకున్నాడు. వారం కిందట మూడు కొటేషన్లూ 9 మందికీ మెయిల్ చేసింది తనే. సంబంధమున్నవాడికి వెళ్లే కాగితాల్లోంచి ఆ అంశం పేజీలు తీసెయ్యాలి. ఈ ఒక్కటీ చాలామంది మర్చిపోతారు. మనిషిని గదిలోంచి పంపడం కంటే ఇది ముందు జరగాల్సిన పని.

సవరణను పక్కన పెట్టి పాత కొటేషన్లే చూశారు. ముగ్గురిదీ ఒకే పని కాదని అప్పుడు బయటపడింది. ఒకరు పెచ్చులు గీకకుండానే రంగేస్తామన్నారు. ఇంకొకరు ప్రైమర్ ఊసెత్తలేదు. గీకడం, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్ల రంగు, మూడూ ఉన్నది బావమరిది కాగితంలోనే. కారణాలన్నీ మినిట్స్‌లో ఎక్కాయి. ఓటింగు: అనుకూలం 3, వ్యతిరేకం 1, తటస్థం 1. కోశాధికారిదే ఆ తటస్థం, కారులో దిగిన మొహమాటం. అదే 2, 1, 2 అయ్యుంటే ఇంకో అరగంట పట్టేది. ఓటేసినవాళ్లలో మెజారిటీ అయితే అది పాస్. హాజరైనవాళ్లలో మెజారిటీ అయితే ఫెయిల్. నియమావళిలో ఉన్నది ‘మెజారిటీ’ అన్న మాట ఒక్కటే.

కార్యదర్శి రాసుకున్నాడు: ఉపాధ్యక్షులు బయటికి 6.42, లోపలికి 6.43, బయటికి 6.44, లోపలికి 6.45, బయటికి 6.46, వీడియోలో లోపలికి 7.20, బయటికి 7.22. చర్చ కంటే రాకపోకలే ఎక్కువయ్యాయి. అయినా ఒక్క నిమిషం కూడా కొట్టెయ్యలేదు. రేపు ఎవరైనా అడిగితే చూపించేది అదే కదా.

7.41కి ఇద్దర్నీ లోపలికి పిలిచారు. ఫలితం విని ఉపాధ్యక్షుడు ఎవరి మొహమూ చూడకుండా కుర్చీని రెండడుగులు ముందుకు లాక్కుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అధ్యక్షుడు పేజీ తిప్పాడు. “ఏడో అంశం. రంగుల పని పర్యవేక్షణ, బిల్లుల ధ్రువీకరణ. ఇది భవన ఉపసంఘం చూస్తుంది. ఉపసంఘం కన్వీనర్...”

ఆగాడు. అందరూ ఉపాధ్యక్షుడి వైపు చూశారు. ఆయన బల్ల మీద తడుముకుని, ఈసారి ఫోనూ కళ్లజోడూ ముందే చేతిలోకి తీసుకున్నాడు.