సవరణ: స్పైడర్-వర్స్ మూడో పార్ట్ ఆగిపోలేదు, లేటయ్యింది అంతే
మొన్న నేను 2024 మార్చ్ రిలీజ్ డేట్ ఎగిరిపోయిన సంగతి పెడితే, మన బెజవాడ గ్రూపుల్లో బియాండ్ ద స్పైడర్-వర్స్ అనే ఈ స్పైడర్-మ్యాన్ యానిమేషన్ సినిమానే ఆపేశారని తిప్పేస్తున్నారు, అలా కాదు బాబూ. ఆ డేట్ 2023లో హాలీవుడ్ సమ్మెల టైంలో తీసేశారు, ఇప్పుడు సోనీ చెప్తోంది 2027 జూన్. నా డౌటల్లా కథ మీదే, రెండో పార్ట్ చివర్లో మన స్పైడర్-మ్యాన్ కుర్రాడు మైల్స్‌ని ఎర్త్-42 అనే వేరే లోకంలో కట్టిపడేసి, ఎదురుగా జడలేసుకున్న ఇంకో మైల్స్ మాస్క్ తీసి నేనే ప్రౌలర్ (ముసుగు విలన్) అనేసరికి కట్ చేశారు కదా, ఇన్నేళ్ళయ్యాక ఆ టెన్షన్ మళ్ళీ వస్తుందా అని. మన ముంబాటన్ పవిత్ర్, అదే ఇండియన్ స్పైడర్-మ్యాన్ అయినా ఈసారి కాస్త ఎక్కువసేపు కనపడాలి అబ్బా. తెలుగు డబ్బింగ్ ఉంటుంది అన్నది నా ఆశ, న్యూస్ కాదు, రెండో పార్ట్ తెలుగులో కూడా వచ్చింది కాబట్టి అన్నా. గాంధీనగర్‌లో తెలుగు షో పడితే గుంటూరు బ్యాచ్ మొత్తం ఇక్కడే దిగుద్ది.